ఇంట్లో ఎన్ని కాళ్లు

సెప్టెంబర్ 20, 2023, బుధవారం

గొర్రెలకు దాణా ఒక బస్తా. నట్టల మందు ఒక డబ్బా. అక్షితకు చాక్‌పీసులు.

విజేందర్ సారు కబురు పెడితే మధ్యాహ్నం బడికి వెళ్లాను. వరండాలో నిలబెట్టే మాట్లాడాడు. మర్యాద లేక కాదు, లోపల పిల్లలు వింటారని.

"నీ బిడ్డ పోయినేడు అందరికంటె ముందుగాల లెక్క చెప్తుండె ఎల్లేశం. గిప్పుడు ఒకటి అనుమన్నా అంటలేదు. కథ చదువుతాంది, పాట పాడుతాంది. అంకె కాడికి రాంగనె నోరు మూసుకుంటాంది."

"తల్లి పోయింది గద సార్."

"నాకెరికె. గందుకె ఏమంటలేను. కని గిట్లనే ఉంటె మళ్ల కింది తరగతి పిల్లల్ల కూసోవెట్టాలె. నేనడిగితె బెదురుతాంది. ఇంట్ల ఆడుకుంట నేర్పు. మొదలు నేర్పింది నువ్వే గద."

"నేనే సార్."

మెచ్చుకోలుగానే అన్నాడు. ఇల్లు చేరేదాకా ఆ మాట నా వెంట నడిచింది.

జూన్‌లో పుష్ప పోయినప్పటి నుంచి పిల్ల లెక్క పెట్టడం లేదు. ఇంట్లో గమనించాను. బడి దాకా పోయిందనుకోలేదు.

సెప్టెంబర్ 21

వాన. మంద దొడ్డి దాటలేదు. తుమ్మ కొమ్మలు కొట్టి వేశాను.

సెప్టెంబర్ 24, ఆదివారం

బండ మీద అష్టాచెమ్మ గీశాను. చింతగింజలు అరగదీసి నాలుగు బద్దలు చేశాను. నాకు బడి ఎక్కువ లేదు. చిన్నప్పుడే బాపు మంద వెంట పెట్టాడు. అక్షరాలు బస్సుల బోర్డుల మీద నేర్చుకున్నాను, అంకెలు ఈ ఆటలో. పిల్లకూ ఇదే దారి అనుకున్నాను.

బద్దలు వేసింది. రెండు తెల్లగా పడ్డాయి.

"ఎన్ని?"

"గిన్ని."

"గిన్నంటె?"

తెల్లగా పడిన బద్దలను ముందు గడుల్లో ఒక్కొక్కటిగా పెట్టి, వాటి వెంట తన కాయను నడిపించింది. తప్పు లేదు. చెమ్మ, అంటే నాలుగూ తెల్లగా పడినా అంతే. నా కాయను చంపింది కూడా. చంపినప్పుడు "సచ్చింది" అనలేదు. "ఇంటికి వోయింది" అంది.

పిల్లకు లెక్క పోలేదు. నోట్లోకి రావడం లేదు, అంతే.

సెప్టెంబర్ 25

జొన్నరొట్టెను సగం చేసి, సగంలో సగం చేసి పెట్టాను.

"ఎన్ని ముక్కలు తిన్నవ్ బిడ్డా?"

"కడుపునిండ."

మా అమ్మ నవ్వింది. నవ్వి, ఎవరైనా విన్నారేమోనన్నట్టు వాకిలి వైపు చూసింది.

సెప్టెంబర్ 29

జానీభాయ్ పొట్టేళ్ల కోసం వచ్చాడు. దొడ్డి తడక మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

"మొత్తం ఎన్నున్నయ్ ఎల్లేశం?"

"ఉన్నన్ని ఉన్నయ్."

"అరే! మొన్నమొన్నటిదాంక నోటి మీదనే ఉంటుండె గద. తల్లులెన్ని, పిల్లలెన్ని, పొట్టేళ్లెన్ని అని టక టక చెప్తుంటివి. గిప్పుడు మీయమ్మ తీర్గ మాట్లాడుతున్నవ్. నేను దొంగోని లెక్క కనవడుతున్ననా ఏంది?"

దొడ్డి ఊడుస్తున్న అమ్మ తల ఎత్తలేదు. "బీరప్ప దేవుడు ఇచ్చినన్ని ఉన్నయ్ తియ్ జానీ. నీకు కావలసినయ్ రెండే గద, గవి చూస్కో."

మా ఇళ్లలో మందను వేలు పెట్టి లెక్కించరు. లెక్కిస్తే తగ్గుతుందంటారు. పొద్దుగూకితే బాపు తడక దగ్గర నిలబడి ముఖాలు చూసేవాడు. ఏ ముఖం రాకపోతే ఆ ముఖాన్ని వెతుక్కుంటూ పోయేవాడు. లెక్కపెట్టి రాసిపెట్టడం మా ఇంట్లో నాతోనే మొదలైంది. నాకు ఆ నమ్మకం లేదు.

జూన్ నుంచి గొర్రెల లెక్క రాయలేదు. తీరిక లేదు.

అక్టోబర్ 2

గుట్ట మీద సీతాఫలాలు కళ్లు తెరిచాయి. గంపెడు తెచ్చాను. తిన్నాక గింజలు కడిగి ఆరబెట్టాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి.

అక్షితతో సరి బేసి ఆడాను. పిడికిట్లో గింజలు పట్టుకుంటే ఎదుటివాళ్లు సరో బేసో చెప్పాలి. తర్వాత పిడికిలి విప్పి జతలు పేర్చాలి. ఒంటిది మిగిలితే బేసి. అంకె పలకాల్సిన పని లేదు. అందుకే ఈ ఆట ఎంచుకున్నాను. పిల్లకు నచ్చింది. గెలిచినప్పుడు మోకాళ్ల మీద లేచి ఎగిరింది. కానీ ఒంటి గింజ మిగిలినప్పుడల్లా దాన్ని మెల్లగా పక్క జతలోకి జరిపేది.

"గది తొండి" అన్నాను.

"జోడు లేకుంట ఎట్లుంటది మరి?"

ఇంకో పిడికెడు తీసుకున్నాను. కాసేపటికి ఉన్నట్టుండి అడిగింది.

"బాపు, గింజలకు పానం ఉంటదా?"

"మొలుస్తయ్ గద. ఉంటది."

చేతిలో ఉన్నవి వదిలేసింది. అరచేతులు లంగాకు తుడుచుకుని లోపలికి పోయింది. పిలిచినా రాలేదు.

ఆలోచించకుండా అన్నాను.

అక్టోబర్ 3

గింజలు ఉడకబెట్టాను. అమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"గింజలు వండుతున్నవా? పిస్సలేసిందా నీకు?"

"మొలవకుంట చేస్తున్న."

"గా గిన్నె ఇగ పొయ్యి మీదికి రాదు, చెప్తున్న. సీతాఫలం గింజ రసం కండ్లల్ల వడితె కండ్లు పోతయ్, ఎరికేనా?"

"ఎరికే."

"అయ్యో నా కొడుకా" అని పొయ్యి దగ్గర అలాగే నిలబడింది. గిన్నెను కాదు, నన్ను చూసింది.

ఉడికినవి మెరుపు పోయి బూడిద రంగుకు వచ్చాయి.

అక్టోబర్ 4

గింజలు పిల్ల ముందు పోశాను.

"గివి ఉడికినయ్. వీట్లల్ల పానం లేదు. ఏం గాదు. లెక్కవెట్టు బిడ్డా."

ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

"లెక్కవెడితె తగ్గుతయ్ బాపు."

"ఎవరన్నరు?"

"అవ్వ. అమ్మను ఎత్తుకపోయిన నాడు. ఏడ్సుకుంట అన్నది." ఆ తర్వాత గొంతు బాగా తగ్గించింది. "నేను అమ్మ కాళ్లు గూడ లెక్కవెట్టిన గద."

అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ పిల్ల దేన్ని మోస్తున్నదో.

"ఇంట్లో ఎన్ని కాళ్లు" నేను కట్టిన ఆట. మనిషికి రెండు, కోడికి రెండు, గొర్రెకు నాలుగు. మంచానికి కాళ్లున్నా నడవదు కాబట్టి లెక్కలోకి రాదు. ఆ మాటకు పిల్ల ప్రతిసారీ పడీ పడీ నవ్వేది. ఒకటో తరగతిలో ఉండగానే నాలుగుల ఎక్కం దానితోనే వచ్చింది. జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం చాక్‌పీసు పట్టుకుని ప్రతి కాలి మీదా చుక్క పెడుతూ లెక్కపెట్టింది. దొడ్డంతా తిరిగి ఇంట్లోకి వచ్చింది. పుష్ప పొయ్యి ముందు ఉంది. "నా కాళ్లు ఏడికి వోతయే, జర ఆగు" అంటూనే కాళ్లు చాపింది. మనుషులను మందతో కలిపి లెక్కపెట్టొద్దని అమ్మ గొణిగింది. పిల్ల మొత్తం చెప్పింది. సరిగ్గా చెప్పింది. నేను దాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నాను.

రెండు రోజులకు, మంగళవారం మందుల కోసం నేను దేవరకొండ వెళ్లాను. మంద వెంట పుష్ప వెళ్లింది. వాన. తుమ్మ చెట్టు కింద పిడుగు. ఆమె, ఆమెను ఆనుకుని నిలబడిన గొర్రెలు.

వాకిట్లో పడుకోబెట్టినప్పుడు ఆమె పాదాలు చూశాను. చుక్క లేదు. వానకు కడుక్కుపోయి ఉంటుంది. ఎందుకు చూశానో తెలియదు.

అక్టోబర్ 5

పిల్ల బడికి వెళ్లాక అమ్మతో అన్నాను.

"నువ్వు గా దినం అన్న మాట పిల్ల నెత్తిల కూసున్నది."

"ఏ మాట?"

"లెక్కవెడితె తగ్గుతయ్ అని."

అమ్మ ముఖం మారిపోయింది. "ఏడ్సేటప్పుడు ఎన్నో అంటం రా. కోడలు కట్టె మీద ఉన్నది. నోటికేది వస్తె గది అన్న. గవన్ని పట్టుకుంటరా?"

"పట్టుకున్నది. తల్లిని తనే సంపిన అనుకుంటాంది."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత అంది, "మరి నువ్వెందుకు లెక్కవెడ్తలేవ్? జానీ అడిగితె ఉన్నన్ని అన్నవ్. గా మాట నాదిరా, నీది గాదు."

"తీరిక లేక" అన్నాను. అదే నిజం.

అక్టోబర్ 8

ఆట పెట్టలేదు. పిల్ల అడగలేదు. ఉడికిన గింజలు నూనె డబ్బాలో పోసి గూట్లో పెట్టాను.

అక్టోబర్ 14

ఎంగిలిపూల బతుకమ్మ. వాడ అంతా పాటలు. ఈ ఏడు మా ఇంట్లో పేర్చలేదు. అక్షిత గడపలో కూర్చుని రాలిన తంగేడు పూలను జతలు పెట్టుకుంది. ఒంటిది మిగలకుండా చూసుకుంది.

అక్టోబర్ 17

సాయంత్రం మందను తోలుకొచ్చేసరికి పిల్ల తడక పక్కన బండ మీద కూర్చుని ఉంది. ఒళ్లో గింజలు. పక్కన ఖాళీ డబ్బా. గూట్లోవే. ఎప్పుడు తీసిందో.

తడక సందులోంచి గొర్రె లోపలికి దూరితే ఒక గింజ డబ్బాలో. ఇంకో గొర్రె, ఇంకో గింజ. పెదవులు కదలడం లేదు. రెండు ఒకేసారి తోసుకుని దూరితే రెండు చేతులతో వేసింది. తల్లిలేని గొర్రెపిల్ల చివర వచ్చింది. దాని తల్లి కూడా ఆ తుమ్మ కిందే పోయింది. అక్షిత సీసాతో పాలు పట్టి బతికించింది. దాని గింజ వేసి, ఒళ్లో మిగిలినవన్నీ దూరంగా పారేసింది. ఇప్పుడు డబ్బాలో ఉన్నవే మంద.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"ఆడుతున్న."

"లెక్కవెడుతున్నవా?"

"గాదు" అంది భయంగా. "గిది లెక్క గాదు. గొర్రెకు గింజ జోడు."

అమ్మ గుమ్మం నుంచి చూస్తూనే ఉంది. అది లెక్కేనని నేను చెప్పలేదు.

అక్టోబర్ 18

అదే ఆట. డబ్బా బోర్లించుకుని మొదలుపెట్టింది. ఒళ్లు ఖాళీ అయింది, మంద అయిపోయింది. నా వైపు చూసి నవ్వింది.

అక్టోబర్ 21

అదే ఆట.

అక్టోబర్ 26, గురువారం

ఈరోజు జరిగింది వరుసగా రాస్తాను.

మధ్యాహ్నం నుంచి మబ్బు. గుట్ట అవతల ఉరుములు. ఉరిమినప్పుడల్లా అక్షిత చెవులు మూసుకోదు. నా ముఖం చూస్తుంది. అందుకని ఉరుము వినబడనట్టు ఉండటం నేర్చుకున్నాను. చినుకులు మొదలవగానే మందను తొందరగా తోలుకొచ్చాను. గొర్రెలు కలబడి దూరాయి. తడక మూసి తాడు కట్టాను.

"అన్ని వచ్చినయ్. ఇంట్లకు నడు, తడుస్తవ్."

పిల్ల కదలలేదు. పిడికిలి బిగించి ఉంది.

"రాలె బాపు."

"వచ్చినయ్ బిడ్డా. నేను చూసిన."

"ఒకటి రాలె."

పిడికిలి తెరిచింది. గింజ ఉంది.

ఆ అంకె ఆ నోటి నుంచి విని నాలుగు నెలలైంది. అంకె చెప్పి ఎంత పని చేసిందో పిల్లకే అర్థమైనట్టుంది. "నేనన్న గద, ఇగ తగ్గుతయ్ గద" అని ఏడుపు అందుకుంది. అమ్మ పరుగున వచ్చి దాన్ని పొట్టకు హత్తుకుంది.

"దేవులాడుకరాపో ఎల్లేశా. నిలవడకు."

బాపులా ముఖాలు చూశాను. తల్లిలేని పిల్ల లేదు.

మందను మేపిన చోటికి వెనక్కి వెళ్లాలి. దగ్గరి దారి ఆ తుమ్మ పక్క నుంచే. జూన్ నుంచి ఆ చెట్టును చుట్టి పత్తి చేల గట్ల మీదుగా మందను తిప్పుతున్నాను. గడ్డి అటే బాగుందని. ఈరోజు చుట్టి వెళ్లడానికి వెలుగు లేదు. చెట్టు ఒక పక్క మాడి ఉంది. ఇంకో పక్క చిగుర్లు వేసింది. ఎవరో ఉన్నట్టు అనిపించి ఆగాను. ఎవరూ లేరు. తడిసిన మట్టి వాసన. కింద సుద్దలాంటి తెల్లని చుక్కలు కనిపించాయి. వంగి చూస్తే కొంగల రెట్ట. పైకి చూడకుండా దాటాను.

గొర్రెపిల్ల పత్తి చేను కంచెలో ఇరుక్కుని ఉంది. వెనక కాలికి తీగ చుట్టుకుంది. అరిచి అరిచి గొంతు పోయింది. ఇంకొంచెం చీకటి పడితే నక్కలు పట్టుకుపోయేవి. విప్పి భుజాల మీద వేసుకున్నాను. దాని గుండె నా మెడ మీద కొట్టుకుంటూనే ఉంది, ఇంటిదాకా.

వాకిట్లో దించినా అక్షిత దాన్ని ముట్టుకోలేదు. చేతిలో గింజ అలాగే ఉంది. వేయడానికి భయం. అమ్మ ఆ పిడికిలి విప్పి, గింజ తీసి, డబ్బాలో తనే వేసింది. టంగుమంది.

"ఏసిన. ఏమన్న తగ్గిందా? నువ్వు ఒకటన్నవ్ గనుకనే ఇంటికొచ్చింది."

అక్షిత అవ్వ ముఖంలోకి చూసింది. "మరి నువ్వన్నవ్ గద..."

"అన్న. నా కోడలు వోయింది, నాకు కోపమొచ్చింది. ఎవ్వల మీద కోపం చెయ్యాలెనో తెల్వలె. పిడుగుకు లెక్కలు రావు బిడ్డా. గది ఎవ్వల లెక్కా ఇనది."

నాతో ఎన్నడూ అనని మాట. నేను అడగని మాట.

అక్టోబర్ 27

సాయంత్రం తడక దగ్గర ముగ్గురం ఉన్నాం. గింజలు వేయడం అయ్యాక డబ్బాను అమ్మే చాటలో బోర్లించింది.

"లెక్కవెట్టు."

అక్షిత నా వైపు చూసింది. నేను తల ఊపాను. నోరు తెరిచి మూసుకుంది.

"ఒకటి అనకు" అంది అమ్మ. "లాభం అను. కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మీ తాత గట్లనే అంటుండె. లాభం, రెండు, మూడు. లాభం అనుకుంట మొదలువెట్టిన రాశి ఎన్నడన్న తగ్గిందా?"

"తగ్గలేదా?"

"అప్పులోడొచ్చి ఎత్తుకపోయేదాంక తగ్గలె."

పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వులోనే మొదలుపెట్టింది. "లాభం... రెండు... మూడు..." పదుల దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. మధ్యలో ఎక్కడా తప్పలేదు.

"నలభై ఒకటి. రాస్కో బాపు."

రాస్తానన్నాను. పడుకునే ముందు రాయబోతే పెన్నులో ఇంకు సరిగ్గా దిగలేదు. రేపు రాస్తాను.

అక్టోబర్ 28, శనివారం

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. దొడ్డి తొట్టిలో నీళ్లు ఉన్నాయో లేవోనని లేచాను. పక్కన పిల్ల లేదు.

తడక దగ్గర గొంగడి కప్పుకుని అమ్మ నిలబడి ఉంది. ఆమె పక్కనే అక్షిత.

"నువ్వెందుకొచ్చినవ్ అవ్వ?" పిల్ల గుసగుసగా అడుగుతోంది.

"మోరి కాడ కాళ్లు కడుగుదామని వచ్చిన."

"మోరి గటుంది గద?"

అమ్మ గొంగడి సర్దుకుంది. పిల్ల నన్ను చూసింది. "నువ్వెందుకొచ్చినవ్ బాపు?"

"తొట్టిల నీళ్లు వోద్దామని."

"నేను తగ్గినయేమో చూద్దామని" అంది.

మా ముగ్గురిలో నిజం చెప్పింది ఒక్కతే.

వెలుతురు వచ్చేదాకా నిలబడ్డాం. నేను తడక కొద్దిగా తెరిచి ఒక్కొక్క దాన్నీ బయటికి వదిలాను. అక్షిత పైకే లెక్కపెట్టింది, వేలు పెట్టి, లాభం నుంచి. చివర తల్లిలేని పిల్ల కుంటుతూ వచ్చింది. నలభై ఒకటి. అమ్మ కళ్లు మూసుకుని బీరప్పకు దండం పెట్టింది.

అప్పుడు పిల్ల వంగి మా కాళ్లు చూసింది. నేను ఆపేవాడినే. అమ్మ నా చేయి పట్టుకుంది.

"అవ్వయి రెండు. బాపుయి రెండు. నాయి రెండు." మంచు మీద మా అడుగులు కనబడుతున్నాయి. "ఆరు."

ఇంకేదైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. ఎడమ పిడికిలి మాత్రం మూసే ఉంది. ఇంకో గొర్రె రాలేదేమోనని మంద వైపు చూశాను.

"పిడికిట్ల ఏమున్నది బిడ్డా?"

తెరిచి చూపింది. రెండు గింజలు. డబ్బాలోని వాటిలా బూడిద రంగువి కావు. నల్లగా మెరుస్తున్నాయి.

"గివి ఉడకవెట్టినయి గావు గద?"

"గావు. పచ్చియి. నేనే దాసిన."

"ఎవ్వలియి?"

"అమ్మయి."

డబ్బా ముందుకు జరిపాను. చేయి వెనక్కి తీసుకుంది.

"డబ్బల ఎయ్యను. గివి లెక్కకు రావు బాపు. లెక్కకు రానియి తగ్గవు."

బడికి పోయేటప్పుడు కూడా పిడికిలి విప్పలేదు. జడ అమ్మే వేసింది. పలక నేను పట్టుకున్నాను.

గొర్రెలు నలభై ఒకటి.

రాశాను. రేపు కూడా చీకటితోనే లేవాలి. తొట్టిలో నీళ్లు పోయాలి.